ఫ్యూజు అంటే ఆపేదా, పేల్చేదా?

అడిగినవారు: పాత పత్రికల కట్ట సర్దుతుంటే 2023 డిసెంబరు నాటి వార్త ఒకటి కంటబడింది. సైన్యానికి ఎలక్ట్రానిక్ ఫ్యూజుల కోసం రక్షణ శాఖ భారత్ ఎలక్ట్రానిక్స్ పుణే విభాగంతో పదేళ్లకు రూ. 5,336 కోట్ల ఒప్పందం చేసుకుందట. పక్కనే ఉన్న మా నాన్నగారు "అన్ని వేల కోట్ల ఫ్యూజులా? సైన్యంలో కరెంటు అంతగా పోతుందా?" అన్నారు. నవ్వాను కానీ ఆయన తప్పేముంది? మనకు ఫ్యూజు అంటే మీటరు పక్కన పింగాణీ ముక్కలో ఉండే సన్నటి తీగ. కరెంటు ఎక్కువైతే తాను కాలిపోయి ఇంటిని కాపాడుతుంది. వార్తలోది ఫిరంగి గుండుకు బిగించి దాన్ని పేల్చేది, ఇందుకు పూర్తిగా విరుద్ధం కదా? దానికి వేరే తెలుగు మాట ఉందా? వత్తి అనవచ్చా?

తెలుగు ఉపాధ్యాయుడు: నిస్సంకోచంగా అనవచ్చు. సంస్కృతంలో వర్తి, ప్రాకృతంలో వత్తి, మనకూ వత్తి. దీపానికీ అదే, టపాకాయకూ అదే. 'ఒత్తి' అని మాత్రం రాయకండి, అది నొక్కి అనే అర్థమిచ్చే క్రియ.

బావుల పని చూసినవారు: మా చిన్నప్పుడు బావి తవ్వుతూ రాయి తగిలితే గుంత వేసి, మందు దట్టించి, వత్తి ముట్టించి పరుగెత్తేవారు. ఫ్యూజు అనే మాట అక్కడ ఎవరి నోటా వినలేదు.

అనువాదకురాలు: ఆ వత్తికి ఒక పుట్టుక ఉందండి. ఇంగ్లండులోని కార్న్‌వాల్ గనుల్లో గడ్డి గొట్టాలలోనూ, బాతు ఈకల కాడలలోనూ మందు నింపి అంటించేవారు. ఒకటి త్వరగా కాలేది, ఒకటి ఆగి ఆగి కాలేది, మనుషులు పోయేవారు. విలియం బిక్‌ఫర్డ్ అనే తోలు వ్యాపారి తాడు పేనడం చూసి, మందు చుట్టూ జనపనార పేని, ఒకే వేగంతో కాలే వత్తిని 1831లో తెచ్చాడు. అసలు ఇంగ్లీషు మాటకు మూలం ఇటాలియన్ 'ఫూసో', అంటే కదురు. మందు నింపిన సన్నటి గొట్టం కదురులా ఉండేదని ఆ పేరు. ఫ్రెంచివారి 'ఫ్యూజే' మొదట కదురు నిండా చుట్టిన నూలు, అంటే మన కండె. ఇప్పుడు వాళ్లకు అదే మాట రాకెట్టు! కరెంటు ఫ్యూజు కరగడం అనే లాటిన్ మాట నుంచి వచ్చిందని చాలామంది నమ్మకం. అదీ ఆకారాన్ని బట్టి వచ్చిన పేరేనని కొందరు నిఘంటుకారులంటారు.

ఫిరంగి దళంలో పనిచేసినవారు: వత్తి అంటే నేను ఒప్పుకోను. ఒకప్పుడు అది సరిపోయేదే. పందొమ్మిదో శతాబ్దంలో గుండుకు బీచి చెక్కతో చేసిన బిరడా ఉండేది, దాని నడుమ మందు. గుండు ఎంతసేపటికి పేలాలో లెక్కకట్టి బిరడాకు అక్కడ రంధ్రం చేసేవారు. అది నిజంగా వత్తే. తర్వాత వచ్చిన ఫ్యూజు ఒక యంత్రం. దాని మొదటి పని పేల్చడం కాదు, పేలనివ్వకపోవడం. లోపల రెండు తాళాలున్నాయనుకోండి. ఫిరంగి పేలిన క్షణంలో గుండు ముందుకు దూకే కుదుపుకు ఒకటి ఊడుతుంది. గొట్టంలోని గాడుల వల్ల గుండు గిర్రున తిరుగుతుంది కదా, ఆ తిరుగుడుకు రెండోది ఊడుతుంది. చేతిలోంచి జారి నేలమీద పడితే కుదుపు ఉంటుంది గానీ తిరుగుడు ఉండదు, కాబట్టి పేలదు. రెండూ ఊడాకనే తాకితే పేలాలా, ఇన్ని క్షణాలకు పేలాలా, దగ్గరికి వెళ్తే పేలాలా అన్నది.

ఆ మూడో రకం గురించి చెప్పకుండా ఉండలేను. 1940లో బ్రిటన్ ఆలోచనను అమెరికాకు అందజేసింది. అక్కడ మెర్ల్ ట్యూవ్ అనే భౌతిక శాస్త్రవేత్త బృందం ఒక చిన్న రేడియోను గుండు మూతిలో కూర్చింది. గాజు వాల్వులున్న రేడియో! భూమ్యాకర్షణకు ఇరవై వేల రెట్ల కుదుపును అది తట్టుకోవాలి. బ్యాటరీలోని ద్రవం గాజు బుడ్డిలో విడిగా ఉంటుంది. కాల్చినప్పుడు బుడ్డి పగులుతుంది, గుండు తిరిగే వేగానికి ద్రవం పలకల మధ్యకు చేరుతుంది, అప్పుడే ప్రాణం వస్తుంది. 1943 జనవరి 5న పసిఫిక్‌లోని గ్వాడల్‌కెనాల్ దీవి దగ్గర హెలీనా అనే అమెరికా యుద్ధనౌక దానితో జపాన్ విమానాన్ని కూల్చింది. గుండు దొరికితే శత్రువు గుట్టు పట్టేస్తాడని చాలాకాలం నేలమీద వాడనివ్వలేదు. 1944 డిసెంబరులో ఐరోపాలో జరిగిన ఆర్డెన్ యుద్ధంలో వాడారు. మొత్తం సుమారు 2.2 కోట్లు తయారయ్యాయి. దీన్ని వత్తి అంటారా?

అనువాదకురాలు: ఆ ఫ్యూజుకు వీటీ అని పేరు. వేరియబుల్ టైమ్ అని విప్పి చెబుతుంటారు. అందులో కాలం లెక్కే లేదు! అమెరికా నౌకాదళ ఆయుధ కార్యాలయంలో వి అనే విభాగం దానికి పెట్టిన గుర్తు టి, అంతే. విస్తరణ తర్వాత అతికించారు. అన్నట్టు ఇంగ్లీషు సైనిక రాతల్లో యంత్రాన్ని జడ్‌తోనూ, కాలే తాడును ఎస్‌తోనూ రాస్తారు. మనకూ ఒక ౙ ఉంది, బ్రౌన్ నిఘంటువులో కనిపిస్తుంది. గుండుకు 'ఫ్యూౙు' అందామా?

బావుల పని చూసినవారు: ఫోనులో ఆ అక్షరం వెతికేలోపు గుండు పేలిపోతుందమ్మా.

తెలుగు ఉపాధ్యాయుడు: వత్తిని వెనక్కి తీసుకుంటున్నాను. వత్తికి అంటుకోవడమే తెలుసు, ఆగడం తెలియదు. 'విస్ఫోటన ప్రేరకం' ఎలా ఉంటుంది?

ఫిరంగి దళంలో పనిచేసినవారు: బరువుగా ఉందండి, పైగా అది సగం పనే. పేలుడు తాళం అంటే నాకు నచ్చుతుంది.

తెలుగు ఉపాధ్యాయుడు: తాళం అంటే మనవాళ్లలో సగంమందికి తాళంచెవి. వేయడానికా తీయడానికా అని అడుగుతారు.

ఫిరంగి దళంలో పనిచేసినవారు: రెంటికీనండి. అదే కదా దాని పని.

అనువాదకురాలు: రేపు నాకు అనువాదానికి వస్తే తాడుకు వత్తి అనీ, యంత్రానికి ఫ్యూజు అనీ రాస్తాను. మొదటిసారి వచ్చినచోట మాత్రం 'గుండు ఫ్యూజు' అంటాను, కరెంటు గుర్తురాకుండా.

అడిగినవారు: ఇదంతా నాన్నగారికి చదివి వినిపించాను. వేళ కాకుండా పేలనివ్వదన్న ముక్క దగ్గర ఆపమన్నారు. "మరి మన ఇంట్లోదీ అదే పని చేస్తోంది కదరా, విరుద్ధం అన్నావేమిటి?" అన్నారు.