అప్‌డేట్: ఆ వెనిస్ చర్చి పెయింటింగ్ ఏదో తేలింది

హ్యూస్టన్ మ్యూజియం ఆఫ్ ఫైన్ ఆర్ట్స్‌లో వెనిస్ చిత్రకారుడు కనలెట్టో వేసిన, 1730 నాటి గ్రాండ్ కెనాల్ (వెనిస్ ఊరి మధ్య పెద్ద కాలువ) పెయింటింగ్ గురించి అడిగాను కదా, అందులో నీళ్ల ఒడ్డున ఉన్న పెద్ద గుమ్మటం చర్చి ఏది, బొమ్మలో అసలు ఏం చూడాలి అని. సమాధానం ఇచ్చిన అందరికీ చాలా థాంక్స్.

అది సాంటా మరియా దెల్లా సలూటే. 1630లో ప్లేగు వచ్చినప్పుడు మొక్కుకుని కట్టించిన గుడి, లాంగెనా అనే వాస్తుశిల్పి డిజైన్, 1631లో మొదలై 1687కి పూర్తయింది. మ్యూజియం గైడ్‌గారు కూడా ఇదే చెప్పారు. శాన్ జార్జో మజ్జోరే అనుకున్నవాళ్లూ ఉన్నారు, కానీ అది ఎదురుగా దీవి మీద ఉన్న, పల్లాడియో అనే ఇంకో వాస్తుశిల్పి డిజైన్ చేసిన చర్చి, వేరు.

"గుమ్మటం కింద చుట్టూ జిలేబీ చుట్టల్లాంటి రాతి ఆకారాలు ఉన్నాయా చూడు" అన్న సలహాతోనే తేలిపోయింది, ఆ చుట్టలు చూశాక ఇక అనుమానమే లేదు. దాన్ని దాటి చూపు పోనిస్తే పాత కస్టమ్స్ హౌస్, అక్కడితో నేల అయిపోయి నీళ్లు విప్పారతాయి.

కనలెట్టో కెమెరా అబ్స్‌క్యూరా (ఎదుటి దృశ్యాన్ని లోపల తెర మీద పడేలా చేసే చీకటి పెట్టె) వాడాడా లేదా అన్న చర్చ నాకు పనికిరాలేదు, బొమ్మ ముందు నిలబడితే అది గుర్తుకే రాదు. దగ్గరికెళ్లి చర్చి మెట్ల మీది మనుషుల్ని చూడండి: ముఖాలుండవు, రెండు మూడు రంగు చుక్కలే, రెండడుగులు వెనక్కి వేస్తే మాత్రం ఒక్కొక్కరూ ఏదో పని మీద నడుస్తున్నట్టే ఉంటారు. నాకైతే గుమ్మటం కంటే ఆ మెట్లే ఎక్కువ నచ్చాయి.