మొదటి పాము: కార్న్ స్నేకా, బాల్ పైథానా?

అట్లాంటా శ్రీను: మా వాడికి పదకొండేళ్లు. పాము కావాలని ఒకటే పోరు. మా ఆవిడ ఎట్టకేలకు సరేనంది. కొత్తవాళ్లకి ఏది నయం?

డల్లస్ సరోజ: కార్న్ స్నేక్. ఇంకో మాట లేదు. బాల్ పైథాన్ అలిగిందంటే నెలల తరబడి ఎలుకని ముట్టదు. మాది దసరాకి మానేసింది, సంక్రాంతి దాటాక తిన్నది. అమ్మిన షాపువాడిని అడిగితే ఇంతకుముందు ఏం తినేదో కూడా తెలీదన్నాడు.

గోదారిగట్టు: చలికాలంలో పైథాన్ తినకపోవడం మామూలేనండీ. బరువు తగ్గనంతవరకు కంగారు లేదు. గూడులో వేడి వైపు 88 నుంచి 92 డిగ్రీల ఫారెన్‌హీట్, చల్లటి వైపు 78, తేమ 60 శాతం ఉండాలి. థర్మోస్టాట్ పెట్టారా అసలు?

డల్లస్ సరోజ: పెట్టాం. తేమ మీటరు కూడా ఉంది. తినలేదు మొర్రో అంటుంటే తేమ అంటారేంటి?

చిట్టిబాబు: ఇక నాగుల చవితికి పుట్ట వెతుక్కోనక్కర్లేదు.

గోదారిగట్టు: శ్రీను గారూ, బ్రీడర్ దగ్గర కొనండి. ఫ్రోజెన్ ఎలుకని కరిగించి మీ ముందే పెట్టమనండి, తింటేనే డబ్బులివ్వండి. ఆఫ్రికా అడవుల్లో పట్టి తెచ్చినవి వద్దు, ఒంటి నిండా పురుగులుంటాయి. బాల్ పైథాన్‌లో స్పైడర్ అనే రంగు రకం ఎంత అందంగా ఉన్నా వద్దు. ఆ రంగు తెచ్చే జన్యువే తల వణుకూ తెస్తుంది. మామూలు పైథాన్ అయితే బెదిరినా ఉండచుట్టుకుంటుంది తప్ప మీద పడదు. కార్న్ పిల్ల పిల్లాడి చేతిలో ఒక్క క్షణం నిలుస్తుందా?

వెంకట్: కొట్టుకోకండి. శ్రీను గారుండేది జార్జియా. కార్న్ స్నేక్ అక్కడి అడవి పాము కాబట్టి ఇంట్లో పెంచడం చట్టవిరుద్ధం. బాల్ పైథాన్‌కి అడ్డు లేదు.

డల్లస్ సరోజ: పక్క రాష్ట్రంలో కొనుక్కుంటే?

వెంకట్: ఎక్కడ కొన్నారన్నది కాదమ్మా, ఎక్కడ ఉంచుకున్నారన్నది.

గోదారిగట్టు: అయిపోయిందిగా! సరోజ గారూ, మీ కోపం షాపు మీదా, పాము మీదా?

డల్లస్ సరోజ: రెండూ కాదు. మావాడు కాలేజీకి వెళ్లిపోయాడు. పాము ఇక్కడే ఉంది. గుడ్డు కూడా ముట్టనిదాన్ని, ఎలుకలు కరిగిస్తున్నాను. ఇది పాతికేళ్లు, ముప్ఫై ఏళ్లు బతుకుతుందట. కొనేరోజు తండ్రీకొడుకులకి ఆ లెక్క గుర్తు రాలేదు, నన్నూ ఎవరూ అడగలేదు.

గోదారిగట్టు: కార్న్ కూడా పదిహేను, ఇరవై ఏళ్లు ఉంటుంది. మరి అదెలా కొనమన్నారు?

డల్లస్ సరోజ: అది పెట్టింది తింటుంది. పెట్టేవాళ్లకి ఆ మాత్రం సుఖమైనా ఉండాలి కదా.

గోదారిగట్టు: పాము పిల్లాడిది కాదండీ, ఇంట్లో మిగిలేవాళ్లది. ఒప్పుకుంటాను. శ్రీను గారూ, మీ ఆవిడ ఒప్పుకున్నది పాము కొనడానికా, పెంచడానికా?

అట్లాంటా శ్రీను: పక్కనే కూర్చుని ఇదంతా చదువుతోంది. ఎలుకలు మన ఫ్రీజర్‌లో పెడతావా అంటోంది.

వెంకట్: గరాజ్‌లో చిన్న ఫ్రీజర్ పెట్టండి. ముందు అది కొనండి.