“కుల్లాయుంచితి”: శ్రీనాథుడి తల మీది టోపీ ఎవరిది?

గాజువాక నుంచి ప్రశ్న:
మాస్టారూ, మా వాడు పద్యాల పోటీకి శ్రీనాథుడి చాటువు నేర్చుకుంటున్నాడు.

కుల్లాయుంచితి కోకచుట్టితి మహాకూర్పాసమున్ దొడ్గితిన్
...
తల్లీ కన్నడరాజ్యలక్ష్మి దయలేదా నేను శ్రీనాథుడన్

కుల్లాయి అంటే టోపీ అని చెప్పాను. మా ఆఫీసులో ఒకాయనకి వినిపిస్తే “ఇలా పరాయి వేషాలు వేయబట్టే విజయనగరం కూలిపోయింది” అనేశాడు. నిజమేనంటారా?

సీతమ్మధార నుంచి జవాబు:
మాట వరకూ ఆయన చెప్పింది సగం కరెక్టే బాబూ, అది పారశీకుల “కులాహ్”. తిరుమల మహాద్వారం దగ్గర కృష్ణదేవరాయల విగ్రహం నెత్తిన నిలువుగా పొడుగ్గా ఉండే టోపీ చూశావు కదా, అదే. కానీ పద్యం ఇంకోసారి చదువు. రాజదర్శనం దొరక్క విసిగిపోయిన కవి టోపీ పెట్టానన్నాడు, పెద్ద అంగీ తొడిగానన్నాడు, వెల్లుల్లీ నువ్వుల పిండీ తిన్నానన్నాడు, అంబలి తాగానన్నాడు, అన్నీ ఒకే గాటన కట్టి ఏడ్చాడు, మొర మాత్రం కన్నడ రాజ్యలక్ష్మికి పెట్టుకున్నాడు. టోపీ తురకలదని ఒక్క ముక్క లేదు. అంటే అప్పటికే అది ఆయన కళ్ళకి కన్నడ కొలువు వేషం, అంతే!

ఆ కొలువు విజయనగర రాజు ప్రౌఢ దేవరాయలది (1424–46) అంటారు. పక్కనున్న బహమనీ సుల్తానుల గుర్రపు దళంతో, విలుకాళ్ళతో నెగ్గలేక ముస్లిం సైనికుల్నే తన కొలువులో పెట్టుకుని, వాళ్ళు సలాం చేయడానికి ఇబ్బంది పడకుండా సింహాసనం ముందు ఖురాన్ పెట్టించిన రాజు ఆయన. ఆయన కొలువులోని అహ్మద్ ఖాన్ 1439లో కట్టించిన మసీదు హంపిలో ఇప్పటికీ ఉంది. అక్కడి రాజులు “హిందూరాయ సురత్రాణ” అని బిరుదు పెట్టుకున్నారు, సురత్రాణ అంటే సుల్తానే, సంస్కృతం పంచె కట్టుకున్నాడు. కృష్ణదేవరాయల బిరుదైతే ఏకంగా “యవనరాజ్య స్థాపనాచార్య”, అంటే తురకల రాజ్యాన్ని నిలబెట్టినవాడు.

గాజువాక:
మరి 1565లో తళ్ళికోట యుద్ధంలో విజయనగరం వాళ్ళు ఇద్దరు ముస్లిం సేనానులు ఫిరాయించడం వల్లే ఓడిపోయారని చదివానండీ?

సీతమ్మధార:
ఆ మాట రాసినవాడు వెనిస్ వర్తకుడు సీజర్ ఫ్రెడరిక్, 1567లో వచ్చాడు, యుద్ధం కళ్ళారా చూసినవాడు కాదు. పోనీ నిజమే అనుకుందాం. ఐదుగురు సుల్తానులు ఒకరి గొంతు ఒకరు పట్టుకుని ఉన్న చోట, ఇవాళ వీడితో రేపు వాడితో చేతులు కలుపుతూ ఏళ్ళ తరబడి ఆడించిన అప్పటి విజయనగర పాలకుడు రామరాయలు చివరికి నలుగురు ఒక్కటయ్యేదాకా తెచ్చుకున్నాడు, ఆ లెక్క ఎవరి ఖాతాలో రాయాలి? నలుగురిలో గోల్కొండ ఇబ్రహీం కుతుబ్‌షా అయితే సుల్తాను కాకముందు విజయనగరంలోనే ఏళ్ళ తరబడి తలదాచుకున్నవాడు. అక్కడే తెలుగు రుచి మరిగాడు, మన కవులు మల్కిభరాముడు అని పిలిచారు. అద్దంకి గంగాధరుడు తపతీసంవరణోపాఖ్యానం ఆయనకే అంకితం ఇచ్చాడు. సంస్కృతం సోకని అచ్చ తెలుగులో పొన్నికంటి తెలగన రాసిన యయాతిచరిత్ర ఆయన దగ్గరి అమీన్‌ఖాన్‌కి అంకితం. ఇంత చనువు ఉండీ యుద్ధానికి వచ్చాడు. కాబట్టి అన్ని రకాల మనుషులు కలిసి ఉంటే రాజ్యం నిలబడిపోతుందని కూడా నేను అనను. బలం తెచ్చిపెడుతుంది, రాజు చేసిన రాజకీయాన్ని మాత్రం కడగదు.

ఎంవీపీ కాలనీ నుంచి:
మధ్యలో దూరుతున్నా, ఏమనుకోకండి. మన సింహాచలంలో 1516లో రాయలు వేయించిన శాసనం తెలుగులోనే ఉంది. రాయలది తుళువ వంశం, కన్నడ కొలువు, గజపతుల ఏలుబడిలోని గుడి, తెలుగు రాత! ఆఫీసాయన్ని ఓసారి కొండకి తీసుకురండి.

గాజువాక:
తెస్తానండీ. మాస్టారూ, పోటీలో “రాజ్యలక్ష్మీ” అని దీర్ఘం తీయమంటోంది వాళ్ళ టీచరు?

సీతమ్మధార:
వద్దు. అది శార్దూల వృత్తం, అక్కడ “జ్యలక్ష్మి” జగణం (లఘువు, గురువు, లఘువు) కావాలి. హ్రస్వమే చదవమను.