సరదాకి కుట్టే డైరీని 280కి అమ్మితే, బైండింగ్ వాళ్ల పొట్ట కొట్టినట్టేనా?

గుడ్డఅట్ట (విజయవాడ):
అందరికీ నమస్కారం. పగలు ఆఫీసు ఉద్యోగం, శని ఆదివారాలు ఇంట్లో డైరీలు కుట్టడం. ఇదీ నా సంగతి. కాగితాలు మడిచి, చేత్తో కుట్టి, అట్టకి గుడ్డ అంటిస్తాను. 2020 లాక్‌డౌన్‌లో పట్టుకున్న పిచ్చి ఇంకా వదల్లేదు. మొదట్లో చుట్టాలకి ఇచ్చాను. తర్వాత వాళ్ల స్నేహితులు డబ్బులిచ్చి అడగడం మొదలుపెట్టారు. ఇప్పుడు నెలకి పదీ పన్నెండు పోతున్నాయి. ఒక్కోటి 280.

మొన్న ఒక ఎగ్జిబిషన్‌లో స్టాల్ పెట్టాను. పక్క స్టాల్ ఆవిడ కూడా ఇవే చేస్తుంది, కాకపోతే ఆవిడకి అదే బతుకుతెరువు. ధర 550. మధ్యాహ్నం దాకా నవ్వుతూనే మాట్లాడింది, తెచ్చుకున్న పులిహోర కూడా పెట్టింది. నా బల్ల దగ్గర జనం చేరాక మాటలు తగ్గాయి. సాయంత్రం సర్దుకుంటుంటే వచ్చి, "మీకు జీతం వస్తుందండీ, మీకిది ఆట. మీ 280 చూశాక నా దగ్గర ఎవరు ఆగుతారు?" అంది. కోపంగా అనలేదు. అదే ఎక్కువ బాధగా ఉంది.

నేను ఎవరినీ మోసం చేయట్లేదు. నష్టానికీ అమ్మట్లేదు. నేను కుట్టిన పుస్తకంలో ఎవరో ఒకరు రాసుకుంటే చాలు నాకు. తప్పు చేస్తున్నానా? మొహమాటం లేకుండా చెప్పండి.

ఆవకాయజాడీ:
తప్పేంటండీ! మా అమ్మ ఏటా ఆవకాయ పెట్టి అపార్ట్‌మెంట్ అంతా పంచుతుంది. పచ్చళ్ల కొట్టాయన వచ్చి "నా పొట్ట కొట్టావమ్మా" అన్నాడా ఎప్పుడైనా?

జిల్దు_దుకాణం (హైదరాబాద్):
పంచితే ఎవరూ ఏమీ అనరు అన్నా. అదే ఆవకాయని కొట్టు ధరలో సగానికి కిలోల లెక్కన అమ్మమనండి, అప్పుడు తెలుస్తుంది.

మాది పాతబస్తీలో ఛత్తా బజార్ వైపు జిల్దు దుకాణం, అంటే బైండింగ్ షాపు. మా బాపు నలభై ఏళ్లుగా అదే పని. కోర్టు ఫైళ్లు, లైబ్రరీ పుస్తకాలు, కొట్లలో రాసుకునే ఎర్ర గుడ్డ ఖాతా పుస్తకాలు, యూనివర్సిటీ పిల్లల థీసిస్‌లు. ఒకప్పుడు పరీక్షల కాలంలో దుకాణంలో కాలు పెట్టే చోటు ఉండేది కాదు. ఇప్పుడు ఖాతాలు కంప్యూటర్‌లోకి పోయినయి, థీసిస్ పీడీఎఫ్ అయింది. కాబట్టి అక్కా, మా పని పోగొట్టింది మీరు కాదు. ఆ మాట ముందే చెప్తున్నా.

కానీ రెండేళ్ల కింద నేను బాపుని ఒప్పించి గుడ్డ అట్ట డైరీలు మొదలుపెట్టిన. 500 చెప్తే, వచ్చినవాళ్లు ఫోన్ తీసి ఎవరిదో పేజీ చూపించి "వీళ్లు 250కే ఇస్తున్నారు" అంటరు. ఆ ఎవరో మీలాంటివాళ్లే. మీ జీతం మీ డైరీకి సబ్సిడీ. మాకు ఆ సబ్సిడీ లేదు.

లెక్కలపుస్తకం (గుంటూరు):
గుడ్డఅట్ట గారూ, ఒక పుస్తకానికి ఎంత పెడుతున్నారో, ఎంతసేపు పడుతుందో నిజాయితీగా రాయండి. అది తెలియకుండా ఈ వాదన తెమలదు.

గుడ్డఅట్ట:
రాస్తాను. ఎ5 సైజు, 192 పేజీలు. 48 ఎ4 కాగితాలని నాలుగేసి కలిపి మడిస్తే 12 ఫారాలు, అంటే కుట్టడానికి 12 కట్టలు. కాగితం 40, అట్ట 15, గుడ్డ 10, లోపల అంటించే రంగు కాగితం 20, దారం, జిగురు, రిబ్బన్ కలిపి 25, ప్యాకింగ్ 20. మొత్తం 130.

సమయం అంటే... మడతలు, ఆరెతో చిల్లులు, కుట్టు, వెన్నుకి జిగురు, అట్ట. చేతిలో పని రెండున్నర గంటలు. ఆ తర్వాత రాత్రంతా బరువు కింద ఉండాలి. ప్రెస్సు లేదు, మా వెట్ గ్రైండర్ రాయే పెడతాను. అందుకే మా ఇంట్లో ఆదివారం దోసెపిండి ఉండదు.

లెక్కలపుస్తకం:
280లో 130 పోతే 150. దాన్ని రెండున్నరతో భాగిస్తే గంటకి 60 రూపాయలు. ఇంటి పనికి వచ్చే మనిషికి గంటకి మీరెంత ఇస్తారు?

ఇందులో పాడైన పుస్తకాలు లేవు, వాట్సాప్‌లో "ఈ రంగు ఉందా, ఆ రంగు ఉందా" అని అడిగేవాళ్లకి జవాబిచ్చే టైమ్ లేదు, స్టాల్ అద్దె లేదు. అవీ వేస్తే గంటకి 40 కూడా రాదు. గంటకి 100 అనుకున్నా 130కి 250 కలిపితే 380 అవుతుంది. దాని కింద అమ్మే ప్రతి రూపాయీ మీరు కొనేవాళ్లకి ఇస్తున్న దానమే. దానం తప్పు కాదు, కానీ దాన్ని ధర అనకండి.

(జీఎస్టీ గురించి ఎవరో అడుగుతారు కాబట్టి ముందే: సరుకు అమ్మేవాళ్లకి ఆంధ్రాలో 40 లక్షల టర్నోవరు దాకా రిజిస్ట్రేషన్ అక్కర్లేదు, తెలంగాణలో 20 లక్షలు. వేరే రాష్ట్రానికి అమ్మితే నియమాలు వేరు, ఆడిటర్‌ని అడగండి. నెలకి పన్నెండు పుస్తకాలకి ఆ టెన్షన్ ఇప్పుడే వద్దు.)

తెల్లకాగితం:
నన్ను తిట్టినా సరే. ఏమీ రాయని పుస్తకానికి 280 అంటేనే నాకు గుండె ఆగింది. లాంగ్ నోట్‌బుక్ 60కి వస్తుంది. దాంట్లో రాసినా అక్షరాలు అవే కదా!

ఆవకాయజాడీ:
ఇదిగో, ఈయన కొనడానికి 280యే ఎక్కువ. మీరు 380 చేయమంటున్నారు. అప్పుడు కొనేది ఎవరు? ఏసీ కారులో వచ్చేవాళ్లే. మామూలు ఇంట్లో పిల్లకి చేత్తో కుట్టిన మంచి పుస్తకం దొరకడం కూడా ముఖ్యమే కదండీ. అన్నిటినీ గంటల్లోనే కొలవాలా?

జిల్దు_దుకాణం:
ధర సంగతి అట్ల ఉంచి, ఒక మాట అడగాలి అక్కా. మీ డైరీ మధ్యలో తెరిచి బల్ల మీద పెడితే పేజీలు పడుకుంటయా, లేచి నిలబడతయా? వానాకాలం వెన్ను దగ్గర కాగితం అలలు అలలుగా అవుతుందా?

గుడ్డఅట్ట:
నిలబడతాయి! అలలు కూడా వస్తాయి. జిగురు ఎక్కువైందేమో అనుకున్నా. చూడకుండా ఎలా చెప్పావు తమ్ముడూ?

జిల్దు_దుకాణం:
ఎ4 అన్నారు కదా, అందుకే. కర్రకి ఉన్నట్టే కాగితానికీ నార ఉంటుంది. బజారులో దొరికే ఎ4 కాగితానికి నార మామూలుగా పొడవు వైపు ఉంటుంది. దాన్ని మధ్యకి మడిస్తే మడత నారకి అడ్డం పడుతుంది. నార ఎప్పుడూ వెన్ను వెంబడి పైనించి కిందికి ఉండాలి. అడ్డం ఉంటే కాగితం మొండికేస్తుంది, తేమ తగిలితే వెన్ను దగ్గర ముడతలు వస్తయి.

పరీక్ష చాలా సులువు. చిన్న చదరపు ముక్క కోసి ఒకవైపు తడిపి చూడండి, తనంతట తనే గొట్టంలా చుట్టుకుంటుంది. ఆ గొట్టం పొడవు ఎటు ఉంటే నార అటు. పేపర్ డిపోలో పెద్ద షీట్లు కొని, నార చూసి కోయించుకోండి. అట్టకి కూడా నార ఉంటుంది, అదీ చూడాలి. బాపు అయితే రెండు వేళ్లతో వంచి చెప్పేస్తడు.

అట్ట బయటికి వంగుతుంటే లోపలి కాగితాన్ని పొడి పొడిగా అంటిస్తున్నరని. గుడ్డ తడిసి ఆరేటప్పుడు అట్టని తన వైపు గుంజుతుంది. లోపలి కాగితం అంతే తడితో అంటితేనే తిరిగి గుంజుతుంది. మేము మైదా ఉడికించిన జిగురు వాడతం, పురుగు పట్టకుండా చిటికెడు మైలుతుత్తం వేస్తం. ఇంట్లో పిల్లలుంటే మీరు వేయకండి, అది విషం.

తెల్లకాగితం:
సరే, 60 రూపాయల పుస్తకం గురించి అన్న మాట వెనక్కి తీసుకుంటున్నా. మొత్తం కాదు, సగం.

పెడన_ఆడపడుచు:
ఇంతమంది మాట్లాడారు, గుడ్డ 10 రూపాయలు అన్న చోట ఎవరూ ఆగలేదు. గుడ్డఅట్ట గారూ, మీ ట్యాగు మీద ఏమని రాస్తారు? గుడ్డ ఎక్కడ కొంటారు?

గుడ్డఅట్ట:
"కలంకారీ డైరీ" అని రాస్తాను. గుడ్డ ఇక్కడి వస్త్రలత బట్టల మార్కెట్‌లో కొంటాను, మీటరు 90. మీటరుకి 9 అట్టలు వస్తాయి.

పెడన_ఆడపడుచు:
90కి చేతి అద్దకం రాదండీ. అది కలంకారీ డిజైన్ వేసిన స్క్రీన్ ప్రింటు, లేదా మిల్లు ప్రింటు.

మాది మచిలీపట్నం పక్కన పెడన, మా ఊళ్లో అద్దకం ఎలా ఉంటుందో చెప్తాను. ముందు గుడ్డలో గంజి పోయేలా ఉతకాలి. కరక్కాయ నీళ్లలో ముంచి ఆరేయాలి. తుప్పు ఇనుమూ బెల్లమూ పులియబెట్టిన కసిమితో నల్లగీత, పటికతో ఎరుపు రావాల్సిన చోట్లు. టేకు అచ్చుతో చేత్తో ఒక్కో దెబ్బ. తర్వాత కాలువలో పారే నీళ్లలో జాడించి, రాగి కాగుల్లో రంగుతో ఉడికించి, మళ్లీ ఆరేయాలి. ఇన్ని రోజుల పని, ఇంతమంది చేతులు. మచిలీపట్నం కలంకారీకి జీఐ (ఫలానా ప్రాంతపు సరుకు అని చెప్పే) గుర్తింపు ఉంది, శ్రీకాళహస్తిలో కలంతో గీసేదానికి వేరేగా ఉంది. అయినా బజారంతా మా డిజైన్లతో స్క్రీన్ ప్రింటే. వాళ్లూ ఇదే మాట చెప్పారు: "కొనేవాళ్లకి అందుబాటులో ఇస్తున్నాం" అని. మా మావయ్య దగ్గర పన్నెండు అద్దకం బల్లలుండేవి. ఇప్పుడు మూడు.

చీర అయితే తిరగేసి చూస్తే కొంత తెలుస్తుంది, స్క్రీన్ ప్రింటు వెనకవైపు సాధారణంగా వెలవెలబోతుంది. డైరీ అట్టకి మీరు గుడ్డ అంటించేశాక వెనక ఎవరూ చూడలేరు. ఉన్నది మీ ట్యాగు ఒక్కటే. అందుకే కోపం వచ్చింది, ఏమీ అనుకోకండి.

గుడ్డఅట్ట:
ఏమీ అనుకోలేదండీ, సిగ్గేసింది. కొట్టాయన కలంకారీ అన్నాడు, నేనూ అదే రాసేశాను. అడగాలని తోచలేదు. మోసం చేయట్లేదని పైన రాసుకున్న వాక్యం ఇప్పుడు చదువుకుంటే బాగాలేదు. నిజమైన అద్దకం గుడ్డ మీటరు ఎంత ఉంటుంది?

పెడన_ఆడపడుచు:
రకాన్ని బట్టి. మీ అట్టకి సరిపడేది 270 దాకా పెడితే మా దగ్గర దొరుకుతుంది.

లెక్కలపుస్తకం:
270ని తొమ్మిదితో భాగిస్తే 30. అంటే అసలు గుడ్డకీ నకలు గుడ్డకీ పుస్తకానికి తేడా 20 రూపాయలు! ఈ 20 కోసమా ఇంత?

ఖద్దరు_పంతులు:
ఆలస్యంగా వచ్చాను, కానీ ఈ వాదన కొత్తది కాదు. మా అమ్మమ్మది పొందూరు. వాలుగ చేప దవడతో పత్తి దువ్వి సన్న నూలు వడికేది. వడికేవాళ్లకి కడుపు నిండే కూలి దక్కాలని గాంధీజీ పట్టుబడితే 1935లో చరఖా సంఘం కూలి పెంచాలని తీర్మానించింది. ఖద్దరు ధర పెరుగుతుందనీ, కొనేవాళ్లు తగ్గుతారనీ సంఘంలోవాళ్లే భయపడ్డారు. అది వరకు చవగ్గా అమ్మిందంతా ముసలమ్మల వేళ్ల మీద అమ్మిందే కదా అన్నది ప్రశ్న.

ఆవకాయజాడీ:
పంతులు గారూ, ఖద్దరుకి గాంధీ ఉన్నాడు. ఈవిడ డైరీకి ఎవరున్నారు? పైగా చవగ్గా అమ్మితే నష్టపోయే ముసలమ్మ ఈవిడే. తన వేళ్లు తన ఇష్టం.

జిల్దు_దుకాణం:
తన వేళ్లే అయితే నాకేం బాధ లేదు. పక్క స్టాల్ ఆవిడ వేళ్లు కూడా అదే బల్ల మీద ఉన్నయి కదా అన్నా.

గుడ్డఅట్ట:
ఒక సంగతి దాచాను, ఇప్పుడు చెప్తాను. శ్రీమంతానికి రిటర్న్ గిఫ్టులని 60 డైరీలు అడిగారు ఒకరు. ఒక్కోటి 200కి ఇమ్మన్నారు. 60 ఆర్డరంటే నాకు తల తిరిగింది, సరే అనబోయాను.

లెక్కలపుస్తకం:
60 పుస్తకాలకి 150 గంటలు. అంటే మీ శని ఆదివారాలు రెండు నెలలు పోయినట్టే. 200లో 130 పోతే 70. గంటకి 28 రూపాయలు. వద్దమ్మా.

గుడ్డఅట్ట (మూడు రోజుల తర్వాత):
వాళ్లకి 400 చెప్పాను. ఫోన్ పెట్టేశారు. రాత్రి మళ్లీ చేసి, 25 చాలు, 390కి ఇవ్వమన్నారు. ఒప్పుకున్నాను. ఇకనుంచి విడి డైరీ 420. పాత గుడ్డతో చేసినవి 14 మిగిలాయి, వాటి ట్యాగులు చించి "కలంకారీ డిజైన్ ప్రింటు" అని రాశాను. పక్క స్టాల్ ఆవిడ నంబరు నా దగ్గర లేదు, నిర్వాహకుల్ని అడిగాను.

ఆవకాయజాడీ:
420కి నేను కొనను. మా చెల్లెలికి ఇద్దామనుకున్నా, ఆ 14లో ఒకటి 280కే ఇస్తే తీసుకుంటా. మీరు వాళ్ల మాట విని పాడైపోయారని నా అభిప్రాయం, అది మారదు.

జిల్దు_దుకాణం:
అక్కా, ఆ 25కీ కాగితం కోసి కుట్టి పంపమంటే బాపు చేస్తనన్నడు, పుస్తకానికి కుట్టు 90. నార సరిగ్గా ఉంటుంది, దానికి నాది గ్యారంటీ. అట్టా గుడ్డా మీరు వేసుకోవచ్చు. లేదా గుడ్డ కూడా ఇటే పంపండి. పంపేముందు ఉప్పునీళ్లలో నానబెట్టి ఉతికారా అని అడగమన్నడు. రంగు దిగితే లోపలి కాగితం పాడైతది.

గుడ్డఅట్ట:
పెడన నుంచి గుడ్డ నిన్ననే వచ్చింది. రెండుసార్లు జాడించాను. ఇంకా నీళ్లు కొంచెం ఎర్రగానే వస్తున్నాయి.

జిల్దు_దుకాణం:
అయితే రేపు పంపకండి. ఇంకోసారి.