దోర్లీలన్ వెసన్ గిట్టి: సైరంధ్రి పద్యమూ, బాక్సింగ్ సినిమా ఆఖరి రౌండూ

మొన్న ఇక్కడ ఒక సభ్యురాలు అడిగారు: బాక్సింగ్ సినిమాలో ఆఖరి ఫైట్ వచ్చేసరికి ఒళ్ళు జలదరిస్తుంది కదా, అలాంటి ఘట్టం మన కావ్యాల్లో ఎక్కడుంది అని. వాలి సుగ్రీవులనీ, కృష్ణ చాణూరులనీ చాలామంది రాశారు. నేను కీచకవధ అంటాను. అదీ నర్తనశాలలో భీముడి పిడికిలి దగ్గర కాదు. అంతకు చాలా ముందు, వెంటపడుతున్న కీచకుడితో సైరంధ్రి, అంటే అజ్ఞాతవాసంలో మారుపేరుతో ఉన్న ద్రౌపది, అన్న ఈ శార్దూల పద్యం దగ్గర. తిక్కనగారి విరాటపర్వంలోది, మీలో చాలామందికి నోటికి వచ్చిందే:

దుర్వారోద్యమ బాహువిక్రమ రసాస్తోక ప్రతాపస్ఫురద్
గర్వాంధ ప్రతివీర నిర్మథన విద్యాపారగుల్ మత్పతుల్
గీర్వాణాకృతు లేవు రిప్డు నిను దోర్లీలన్ వెసన్ గిట్టి గం
ధర్వుల్ మానముఁ బ్రాణమున్ గొనుట తథ్యం బెమ్మెయిన్ గీచకా!

చిన్నప్పుడు బడిలో దీన్ని భర్తల పొగడ్తగా చెప్పేవారు. 'దుర్వారోద్యమ' నుంచి మొదలయ్యే బలమంతా పాండవులదే అని. కానీ సమాసాన్ని నెమ్మదిగా విప్పి చూడండి. అది 'గర్వాంధ ప్రతివీర' దాకా తెగకుండా సాగుతుంది. అడ్డులేని బాహుబలం, దాని వల్ల వచ్చిన ప్రతాపం, ఆ ప్రతాపం వల్ల కళ్ళు మూసుకుపోయేంత గర్వం, ఇవన్నీ ఎదుటివాడివి. అలాంటివాళ్ళను మథించి పారేసే విద్యలో ఆరితేరినవాళ్ళు 'మత్పతుల్'. అంటే కీచకుడి కండను ఆమె తక్కువ చేయడం లేదు. 'నీలాంటి బలవంతుల పని పట్టడమే వాళ్ళ చదువు' అంటోంది. నాకు ఈ అన్వయమే బాగుంది.

మంచి బాక్సింగ్ సినిమా చేసేదీ ఇదే. ముందు ఎదుటివాడు ఎంత పెద్దవాడో చూపిస్తుంది. ఛాంపియన్ బెల్టు, వాడు పడగొట్టినవాళ్ళు, వాడి నవ్వు. వాడు బలహీనుడైతే ఆఖరి రౌండుకు విలువేముంది? కీచకుడు విరాటుడి సేనాపతి, రాణికి తమ్ముడు. రాజు కూడా అతనికి ఎదురు చెప్పలేని పరిస్థితి.

పద్యం నడక కూడా గమనించండి. రెండో పాదం చివరిదాకా ఊపిరి తిప్పుకోనివ్వని సంస్కృత సమాసం. మూడో పాదం సగంలో 'ఇప్డు నిను' అని తెలుగులోకి దిగుతుంది. అక్కణ్ణుంచి అన్నీ పొట్టి మాటలే: వెసన్, గిట్టి, మానము, ప్రాణము. ఆ 'మానముఁ బ్రాణమున్' అనే వరస నాకు మరీ ఇష్టం. ముందు మానం, తరవాతే ప్రాణం. కథలో జరిగేదీ అదే. సింగారించుకుని చీకట్లో పడక దగ్గరికి వచ్చి, సైరంధ్రి అనుకుని భీముడితో సరసమాడతాడు కీచకుడు. పరువు అక్కడే పోయింది. చావు ఆ తరవాతిది.

వ్యాఖ్య: "అండీ, 'గిట్టి' అంటే చచ్చి కదా? ఇక్కడ అర్థం ఎలా కుదురుతుంది? చివర 'గీచకా' ఏమిటి, అచ్చుతప్పా?"

అచ్చుతప్పు కాదండీ. రెంటికీ ఒకటే జవాబు. 'వెసన్' ద్రుతాంతం, అంటే చివర 'న్' ఉన్న మాట. దాని మీద 'కిట్టి'లోని 'క' సరళమై, అంటే 'గ'గా మారి, 'గిట్టి' అయింది. 'ఎమ్మెయిన్' మీద 'కీచకా' కూడా అలాగే 'గీచకా' అయింది. 'ప్రాణమున్ గొనుట'లో ఉన్నదీ 'కొనుట'. 'కిట్టు' అంటే దగ్గరకు చేరడం, తలపడటం. 'దోస్' అంటే చేయి, భుజం. కనుక 'దోర్లీలన్ వెసన్ గిట్టి' అంటే చప్పున మీదికి వచ్చి, వట్టి చేతుల ఆటతో అని.

ఇది ఊరికే పడిన మాట అనుకోను. ఆయుధాలన్నీ జమ్మిచెట్టు మీద ఉన్నాయి. గాండీవం లేదు, గద లేదు. అజ్ఞాతవాసం బయటపడకూడదు. మిగిలినవి చేతులే, అందేంత దూరానికి వెళ్ళి కొట్టాల్సిందే. బాణం ఎంత దూరం నుంచైనా వేయవచ్చు. పిడికిలితో కొట్టాలంటే దెబ్బ తినే దూరంలో నిలబడాలి. బాక్సింగ్‌లోని టెన్షన్ అంతా ఆ దూరంలోనే ఉంది.

వ్యాఖ్య: "అన్నీ బాగానే ఉన్నాయి గానీ, కొట్టింది భీముడు. ఆమె బెదిరించింది, ఏడ్చింది, అంతేగా? రింగు పక్కన కళ్ళు మూసుకునే హీరోయిన్‌కీ ఆమెకీ తేడా ఏముంది?"

చాలా ఉందండీ. ఈ పద్యం తరవాత జరిగింది చూడండి. రాణి సుధేష్ణ పని పెట్టి తమ్ముడు కీచకుడి ఇంటికి పంపితే, తప్పించుకుని సభలోకి పరుగెత్తుకొచ్చింది. అక్కడ అందరి ముందూ కీచకుడు తన్నాడు. వంటవాడి వేషంలో ఉన్న భీముడు, పెరికి కొడదామని చెట్టు వంక చూస్తే, కట్టెలు కావాలంటే బయట చెట్టు చూసుకోమని ధర్మరాజు ఆపాడు. సభలో న్యాయం అడిగింది ఆమె ఒక్కతే. ఆ రాత్రి వంటింటికి వెళ్ళి నిద్రపోతున్న భీముణ్ణి లేపిందీ ఆమే. వ్యాసమూలంలో ఒక చిన్న సంగతి ఉంది. మాటలన్నీ అయ్యాక ఆమె తన చేతులు చూపిస్తుంది. విరాటరాజు కోసం గంధం నూరి నూరి కాయలు కాచిన చేతులు, 'ముందు ఇలా ఉండేవి కావు' అంటూ. భీముడు ఆ చేతులను ముఖానికి చేర్చుకుని ఏడుస్తాడు.

నర్తనశాలలో పడిన ప్రతి దెబ్బకూ ఆ కాయలే కారణం. చోటు భీముడు చెప్పినా, కీచకుణ్ణి నమ్మించి అక్కడికి రప్పించింది ఆమె. పని అయ్యాక కాపలావాళ్ళను పిలిచి శవాన్ని చూపించి, 'నా గంధర్వ భర్తలు చంపారు' అని చెప్పిందీ ఆమే. పద్యంలో అన్న మాటను తానే పూర్తి చేసింది. కళ్ళు మూసుకున్న మనిషి చేసే పనులా ఇవి?

1963 నాటి 'నర్తనశాల' సినిమాలో భీముడి వేషం దండమూడి రాజగోపాలరావుగారికి ఇచ్చారు. ఆయన నిజంగా వెయిట్‌లిఫ్టర్. ఎదురుగా ఎస్వీ రంగారావు కీచకుడు. సావిత్రి సైరంధ్రి. ఆ కుస్తీ మనకు పట్టిందంటే సగం కారణం, అంతకుముందు సావిత్రి ముఖంలో మనం చూసిన అవమానమే.

వ్యాఖ్య: "సత్యభామ ఉంది కదండీ, తానే యుద్ధం చేసింది!"

ఉంది, పోతనగారి 'పరుఁ జూచున్ వరుఁ జూచు' ఎవరు మరిచిపోతారు! కానీ అది భాగవతం, ఆమె చేతిలోది విల్లు, పక్కన కృష్ణుడు. అందులో వీరమూ శృంగారమూ కలిసి ఆడతాయి. సైరంధ్రి పద్యంలో ఆ వెసులుబాటు లేదు. పక్కన ఎవరూ లేరు. భర్తలు అయిదుగురూ అదే కొలువులో ఉన్నా పేరు చెప్పుకోలేదు. అశోకవనంలో గడ్డిపోచ అడ్డం పెట్టుకుని రావణుడితో మాట్లాడిన సీత ఈమెకు దగ్గర.

ఇక ఆడవాళ్ళే బరిలోకి దిగే సినిమాల మాట. 2017లో వచ్చిన 'గురు'లో వెంకటేష్ కోచ్, బాక్సర్‌గా వేసిన రితికా సింగ్ సినిమాల్లోకి రాకముందే కిక్‌బాక్సర్. ఒలింపిక్స్‌లో మగవాళ్ళ బాక్సింగ్ 1904లోనే వచ్చింది, ఆడవాళ్ళకు 2012 లండన్ దాకా చోటు ఇవ్వలేదు. మన నిజామాబాద్ అమ్మాయి నిఖత్ జరీన్ 2022లో ఇస్తాంబుల్‌లో, 2023లో ఢిల్లీలో ప్రపంచ ఛాంపియన్ అయింది. ఆమె ఆట చూస్తున్నప్పుడు నాకు ఈ పద్యంలో మూడో పాదం గుర్తొస్తుంది. 'ఏవురు', అంటే అయిదుగురు భర్తలు, అక్కర్లేదు, 'గంధర్వుల్' అక్కర్లేదు. గంధం నూరిన చెయ్యీ, గిట్టి కొట్టే చెయ్యీ ఒకటే. ఇలాంటి సినిమాలు ఇంకా రావాలని గట్టిగా కోరుకుంటాను.

ఒక్క సంగతి మీ అందరినీ అడగాలి. స్టేజీ నాటకాల్లో ఈ పద్యం పాడేవాళ్ళు కొందరు 'మత్పతుల్' దగ్గర సాగదీసి రాగం అందుకుంటారు, కొందరు ఆగకుండా 'ఏవురిప్డు' దాకా వచ్చి అక్కడ విరుస్తారు. నా చెవికి రెండోదే సరి. మీ ఊళ్ళో నాటకాలాడినవాళ్ళు ఎక్కడ ఆపేవారు? రికార్డింగు ఉంటే ఇక్కడ పెట్టండి.