నన్నారి పాకం చేదెక్కుతోంది, ఎక్కడ తప్పు చేస్తున్నాను?

మాది అనంతపురం వైపు, ఇప్పుడు పుణెలో ఉంటున్నాం. ఎండాకాలం వస్తే మా ఊరి బస్టాండు దగ్గర నిమ్మకాయ పిండి, సోడా కొట్టి, సబ్జా వేసి ఇచ్చే నన్నారి షర్బత్ తప్ప నాకు ఇంకేదీ దాహం తీర్చదు. ఇక్కడ దొరికే సీసాలు కొని చూశాను, రంగు తప్ప ఏమీ లేదు. అందుకే పిన్నితో ఊరి నుంచి ఎండు సుగంధిపాల (నన్నారి) వేర్లు 200 గ్రాములు తెప్పించుకున్నాను.

వేర్లు కడిగి, దంచి, రాత్రంతా నానబెట్టి, పొద్దున అదే నీళ్లలో ముప్పావు గంట మరిగించి, వడగట్టి చక్కెర వేసి తీగ పాకం వరకు కాచాను. మరిగేటప్పుడు ఇల్లంతా ఘుమఘుమ, తీరా గ్లాసులో పోస్తే వాసన లేదు, చివర్లో నాలుక మీద చేదు. పైగా వారానికే సీసా అడుగున చక్కెర గడ్డ కట్టింది.

వేరు మధ్యలో ఉండే కట్టెలాంటి నార తీసేసి పైబెరడే వాడాలని పిన్ని ఇప్పుడు చెబుతోంది (ముందే చెప్పొచ్చుగా!). చేదు దానివల్లేనా, ఎక్కువ మరిగించడం వల్లా? నిమ్మరసం పాకంలోనే కొద్దిగా వేస్తే గడ్డ కట్టదంటారు, నిజమేనా? చక్కెర బదులు బెల్లం వేస్తే వేరు వాసన నిలుస్తుందా? ఇంకో 100 గ్రాములే మిగిలాయి, ఇంట్లో చేసినవాళ్లు కొలతలతో చెప్పండి ప్లీజ్. మదురైలో అమ్మే చల్లటి పాల పానీయం జిగర్‌తండాలో కూడా ఇదే పాకం పోస్తారు కదా, అటువైపు వాళ్లు చెప్పినా సరే.