డేటా ఇంజనీరింగా, ఎంఎల్ (మెషిన్ లెర్నింగ్) వైపా? జీతం, గిరాకీ దేనికి ఎక్కువ?

నమస్తే అండి. హైదరాబాద్‌లో ఒక కంపెనీలో డేటా అనలిస్టుగా చేస్తున్నాను, జీతం ఏడాదికి 7 లక్షలు. పనంతా డేటాబేస్ నుంచి సమాచారం లాగే ఎస్‌క్యూఎల్ క్వెరీలు, ఎక్సెల్, పవర్ బీఐ డ్యాష్‌బోర్డులు. మొన్నటిదాకా నాకు గంట పట్టిన క్వెరీని ఇప్పుడు మా మేనేజరే చాట్‌జీపీటీతో రాయించుకుంటున్నారు. అందుకే మారాలనుంది.

అమీర్‌పేటలో ఏ బోర్డు చూసినా జెనరేటివ్ ఏఐ కోర్సే. తీరా ఎంఎల్ ఇంజనీర్ ఉద్యోగ ప్రకటన తెరిస్తే పైథాన్, పైటార్చ్‌తో పాటు మోడల్‌ని ప్రొడక్షన్‌లో (అంటే అసలు యూజర్ల కోసం) నడిపిన అనుభవం అడుగుతున్నారు. అది ఎక్కడి నుంచి తేవాలి? డేటా ఇంజనీర్‌కైతే స్పార్క్, ఎయిర్‌ఫ్లో లాంటి డేటా టూల్స్, ఏదో ఒక క్లౌడ్ అడుగుతున్నారు. నా ఎస్‌క్యూఎల్ అక్కడ పనికొస్తుంది. పైగా మోడల్ ఎంత గొప్పదైనా దానికి డేటా అందించే పైప్‌లైన్ ఎవరో ఒకరు కట్టాలి కదా. డేటా సైంటిస్ట్ ఆశ వదిలేశాను. ఆ పేరుతో తీసుకుని మళ్లీ డ్యాష్‌బోర్డులే చేయిస్తున్నారని స్నేహితులు అంటున్నారు.

ఈ పనుల్లో ఉన్నవాళ్లు చెప్పండి: మూడు నాలుగేళ్ల అనుభవానికి ఈ రెండింటి మధ్య జీతంలో అంత తేడా ఉందా? ఇంటర్వ్యూ కాల్స్ దేనికి ఎక్కువ వస్తున్నాయి? ఎంటెక్ లేకుండా ఎంఎల్‌లోకి వెళ్లినవాళ్లు ఎవరైనా ఉన్నారా? కోర్సుల లింకులు మాత్రం పంపకండి, దండం పెడతాను.